టోక్యో నుంచి ఒసాకాకి: నొజొమి మేలా, హికారి మేలా?

జపాన్ వస్తున్న మనవాళ్లు వీసా చేతికి రాగానే అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. క్యోటో, ఒసాకా చూడాలి, బుల్లెట్ ట్రైన్‌లోనే వెళ్లాలి. మరి నొజొమి ఎక్కాలా, హికారి ఎక్కాలా? ఇదే లైన్‌లో నడిచే మూడో రకం బండి కొదామ చౌకగా దొరుకుతుందట కదా అని దాని సంగతి ఆరా తీసేవాళ్లూ ఉన్నారు.

ముందు ఒక అపోహ తీరాలి. నొజొమి కొత్త రైలు, హికారి పాత రైలు అనుకుంటారు చాలామంది. అదేం కాదు. 2020 మార్చిలో పాత 700 సిరీస్ రైళ్లను టోకైడో లైన్ (టోక్యో–ఒసాకా బుల్లెట్ ట్రైన్ మార్గం) నుంచి తప్పించాక మూడు సర్వీసులకీ ఎన్700 కుటుంబం రైళ్లే నడుస్తున్నాయి. అవే 16 పెట్టెలు, అవే 1,323 సీట్లు, అదే గంటకు 285 కిలోమీటర్ల గరిష్ఠ వేగం. తేడా అంతా ఎక్కడెక్కడ ఆగుతుంది, ఎవరికి దారి ఇస్తుంది అన్నదాంట్లోనే. నొజొమి షిన్ యొకొహామా దాటితే మళ్లీ నగోయాలోనే ఆగుతుంది, ఆ తర్వాత క్యోటో, షిన్ ఒసాకా (ఒసాకాలో బుల్లెట్ ట్రైన్ ఆగే స్టేషన్). మొత్తం సుమారు రెండున్నర గంటలు. హికారి మధ్యలో కొన్ని చోట్ల ఆగుతూ మూడు గంటలకు కాస్త అటూ ఇటూగా చేరుస్తుంది.

కొదామ అన్ని స్టేషన్లలోనూ ఆగుతుంది. మన దగ్గర ప్యాసింజర్‌ని లూప్ లైన్‌లో పెట్టి సూపర్‌ఫాస్ట్‌ని వదులుతారే, అచ్చం అదే. షిన్ ఫుజి స్టేషన్‌లో ఆగి ఉన్నప్పుడు నడి పట్టాల మీద నొజొమి దూసుకుపోతే మన పెట్టె ఒక్క ఊపు ఊగుతుంది, కిటికీలో తెల్లటి చార తప్ప ఏమీ కనపడదు. అలా దారులిస్తూ ఒసాకా చేరేసరికి దాదాపు నాలుగు గంటలు. ముందు రోజే బుక్ చేసుకుంటే డిస్కౌంట్ టికెట్లు దొరుకుతాయి, తొందర లేనివాళ్లకి ఫరవాలేదు. అంతకుమించి దాని గురించి చెప్పడానికేం లేదు.

ఆ నాలుగు గంటల్లో ఒక తమాషా ఉంది. 1964 అక్టోబరు 1న ఈ లైన్ మొదలైనప్పుడు హికారికి పట్టిన సమయం సరిగ్గా అంతే! పట్టాల కింద పోసిన కొత్త కట్ట ఇంకా కుదురుకోలేదని మొదట్లో నెమ్మదిగా నడిపారు. మరుసటి ఏడాది నవంబరుకల్లా 3 గంటల 10 నిమిషాలకు తెచ్చారు. దాదాపు మూడు దశాబ్దాలు హికారిదే పెత్తనం. 1992 మార్చి 14న 270 కిలోమీటర్ల వేగంతో నొజొమి వచ్చింది. పొద్దున ఆరింటి మొదటి బండి నగోయాలో గానీ క్యోటోలో గానీ ఆగకుండా పోయేసరికి నగోయా వాళ్లు భగ్గుమన్నారు. అప్పట్లో దాంట్లో అంతా రిజర్వేషనే, ఛార్జీ కూడా బాగా ఎక్కువ. 2003 అక్టోబరులో షినగావా స్టేషన్ తెరిచి, టైంటేబుల్ మొత్తం తిరగరాసి, అదనపు ఛార్జీ తగ్గించి, రిజర్వేషన్ లేని పెట్టెలు పెట్టాకే నొజొమి అందరి బండి అయింది.

నా లెక్కలో అసలు తేల్చేది ఆ టైంటేబులే. మిగిలే అరగంట పెద్ద విషయం కాదు. 2020 నాటికే రద్దీ వేళల్లో గంటకు 12 దాకా నొజొమిలు నడిపే ఏర్పాటు చేశారు, హికారులు గంటకు రెండే. హోటల్లో ఆలస్యమైంది, పిల్లాడు బాత్రూమ్ అన్నాడు, స్టేషన్‌లో దారి తప్పాం. నొజొమి అయితే కాసేపట్లో ఇంకోటి వస్తుంది. హికారి తప్పిపోతే అరగంట ప్లాట్‌ఫామ్ మీదే. ఇంతా చేసి రిజర్వేషన్‌లో తేడా మామూలు రోజుల్లో 320 యెన్లు. రిజర్వేషన్ లేకపోతే అదీ లేదు, రెండింటికీ ఒకటే ధర, 13,870. కాకపోతే నొజొమిలో అలాంటి పెట్టెలు ఇప్పుడు రెండే, హికారిలో ఐదు. కొత్త సంవత్సరం, గోల్డెన్ వీక్ (ఏప్రిల్ చివర, మే మొదట్లో వచ్చే వరుస సెలవులు), ఓబొన్ (ఆగస్టులో పితృదేవతల పండగ) సెలవుల్లో అయితే నొజొమి మొత్తం రిజర్వేషనే.

హికారిని తీసిపారేయలేం. హకొనె వెళ్లేవాళ్లు ఒదవారాలో దిగాలి, అక్కడ నొజొమి ఆగదు. కొన్ని హికారులు ఆగుతాయి. షిజువొకాదీ అదే కథ. జపాన్ రైల్ పాస్ (విదేశీ పర్యాటకులు ఇన్ని రోజులని ఒకేసారి కొనుక్కుని రైళ్లలో తిరిగే టికెట్) చేతిలో ఉన్నవాళ్లు కూడా హికారే ఎక్కండి. 2023 అక్టోబరు నుంచి పాస్‌తో నొజొమి ఎక్కనిస్తున్నారు గానీ, టోక్యో–ఒసాకాకి మనిషికి 4,960 యెన్లు అదనం. నలుగురున్న కుటుంబం అరగంట కోసం దాదాపు 20 వేల యెన్లు ధారపోయడం నాకైతే మనసొప్పదు. అసలు ఆ పాసే దండగ కావచ్చు. అదే నెలలో ఏడు రోజుల పాస్ 50,000 యెన్లయింది. నొజొమిలో రిజర్వేషన్‌తో ఒసాకా పోయి రావడానికి 30 వేలు కూడా కాదు.

ఏది ఎక్కినా టోక్యో నుంచి వెళ్లేటప్పుడు ‘E’ అక్షరం ఉన్న కిటికీ సీటు అడగండి, ఆకాశం తేటగా ఉంటే ఫుజి పర్వతం అటువైపే. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటే సూట్‌కేస్ ఉంటే దానికి చోటున్న సీటు ముందే బుక్ చేయాలి, లేదంటే 1,000 యెన్ల ఫైన్. మామూలు పెట్టెల్లో తినుబండారాల బండి 2023లోనే ఆగిపోయింది. శాకాహారులు పులిహోరో పెరుగన్నమో కట్టుకుని ఎక్కడం మంచిది.

విమానం? ఎయిర్‌పోర్టులకు పోయి రావడంలోనే పొద్దు గడిచిపోతుంది. రాత్రి బస్సు చౌకే, నడుం గట్టిగా ఉండాలి. మాగ్లెవ్ (అయస్కాంత శక్తితో గాల్లో తేలుతూ పోయే కొత్త రైలు) కోసం ఆగుదామా అని అడిగేవాళ్లకి: 2027కి నగోయా దాకా తెస్తామన్న మాటను 2024లోనే వెనక్కి తీసుకున్నారు.