ఫైనల్ సీజన్ ఊహలు: పాటల బొమ్మలు నమ్మాలా, నిమిషాల లెక్క నమ్మాలా?

ఒక యానిమేకో, కార్టూన్ సీరీస్‌కో ఫైనల్ సీజన్ అని పేరు పడంగనే హన్మకొండ, కాజీపేట హాస్టళ్లల మొదలయ్యే అడుగుడు ఒకటే: ముగింపు మీద ఇన్ని ఊహలల్ల దేన్ని నమ్మాలె? ఊహ కట్టే తొవ్వలు ముఖ్యంగ మూడు. పాటలల్ల, ట్రైలర్లల్ల దాచిన బొమ్మలు చూసి చెప్పేది ఒకటి. కథల ముందే నాటిన విత్తనాలు పట్టుకొని చెప్పేది ఇంకోటి. మూల కథైన మాంగాల (జపాన్ బొమ్మల పుస్తకంల) మిగిలిన అధ్యాయాలెన్ని, చేతిల ఉన్న నిమిషాలెన్ని అని లెక్క కట్టి చెప్పేది మూడోది. ఈ మూడింటినీ జపాన్ యానిమే అటాక్ ఆన్ టైటాన్ మీద, నెట్‌ఫ్లిక్స్ సీరీస్ ఆర్కేన్ మీద పెట్టి చూస్తే తేడా తెలుస్తది. రెండింటి ముగింపులూ ఇక్కడ విప్పే ఉన్నయి. చూడనోళ్లు ఇక్కడనే ఆగుండ్రి.

బొమ్మల తొవ్వకు మంచి సాక్ష్యం టైటాన్ 2017ల వచ్చిన రెండో సీజన్‌ల ఎపిసోడ్ ఆఖర్న వచ్చే పాట. దాంట్ల మొదటి టైటాన్ అయిన ఇమిర్ కథ, గోడలల్ల దాగిన టైటాన్లు (భారీ రాక్షసులు), బయటి లోకం అన్నీ గోడ మీది బొమ్మల తీరు గీసి పెట్టిన్రు. ఒక్కటి గూడ అబద్ధం కాదు. కానీ కథ అక్కడిదాకా వచ్చినంకనే అవి అర్థమైనయి, అంతకుముందు ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకున్నరు. జరిగినంక అర్థమయ్యే గుర్తు ఊహకు పనికిరాదు.

విత్తనాల తొవ్వ దానికన్నా మస్తు గట్టిది. మాంగా మొదటి అధ్యాయం పేరు ‘2000 ఏండ్ల తర్వాతి నీకు’. 122వ అధ్యాయం పేరు ‘2000 ఏండ్ల కిందటి నీ నుంచి’. మొదటి అధ్యాయం కలల మికాసా తన చిన్ననాటి దోస్తు, కథానాయకుడు ఎరెన్‌తోని అన్న మాట 138ల మళ్ల వినిపిస్తది, ఈసారి ఆమె చేతుల్నే అతని ప్రాణం పోతది. ఆ జపాన్ మాటను ఇంగ్లీషుల ‘మళ్ల కలుద్దాం’ అన్నట్టు రాసేసరికి బరువు సగం పోయింది. అది అచ్చంగ మన ‘పోయి రా’. ఇంట్ల నుంచి బయటికి పోయేటోనికి గడప కాడ చెప్పే మాట. ఆ మాట బరువు పట్టుకున్నోళ్లకు ముగింపు మికాసా చేతిలనే ఉందని ముందే అనుమానం రావాలె.

కాకపోతే అదే విత్తనం తోని కాలం గుండ్రంగ తిరుగుతదని, ఎరెన్ మళ్ల మొదటి రోజుకే పోతడని ఊహ అల్లిన్రు. అది తప్పింది. రాణి హిస్టోరియా బిడ్డకు తండ్రి ఎరెనే అన్న ఊహ గూడ ఏమీ కాకుండ పోయింది. విత్తనం ఉందని చెప్పుడు సులువు, చెట్టు ఏదో చెప్పుడు కష్టం.

లెక్క తొవ్వ ఏ ఊహకు కథల చోటు లేదో తేలుస్తది. నా లెక్కల అన్నింటికన్నా పెద్ద విషయం ఇదే. మన దిక్కు రాత్రంతా ఒగ్గు కథ చెప్పేటోళ్లు గూడ తెల్లారే యాళ్లను చూసుకునే ఒక ఘట్టం సాగదీస్తరు, ఇంకో ఘట్టం కురుచ చేస్తరు. స్టూడియోకు గూడ అంతే.

లెక్క ఇట్ల కట్టాలె. మామూలు ఎపిసోడ్ 24 నిమిషాలు. మొదటి పాట నిమిషంన్నర, చివరి పాట నిమిషంన్నర తీసేస్తే కథకు మిగిలేది 21. టైటాన్ ఫైనల్ సీజన్ 91వ అధ్యాయం నుంచి మొదలు. మొదటి భాగం 16 ఎపిసోడ్లల్ల 116 దాకా, అంటే 26 అధ్యాయాలు. ఒక్కోదానికి 13 నిమిషాలు. రెండో భాగం 12 ఎపిసోడ్లల్ల 130 దాకా, 14 అధ్యాయాలు, ఒక్కోదానికి 18. 2023 మార్చిల వచ్చిన గంట స్పెషల్‌ల నాలుగు అధ్యాయాలు, ఒక్కోదానికి 15. అదే ఏడు నవంబర్ 5న వచ్చిన చివరిది దాదాపు 85 నిమిషాలు, మిగిలినవి ఐదే, ఒక్కోదానికి 17.

మాంగా ముగింపు 2021 ఏప్రిల్‌ల చాలా మందికి నచ్చలే. అందుకే ఫైనల్ సీజన్ తీసే మాప్పా స్టూడియో వేరే ముగింపు తీస్తదని గట్టిగ నమ్మిన్రు. ఉన్న అధ్యాయాలే ఒక్కోటి 17 నిమిషాలు తింటుంటే కొత్త ముగింపును ఎక్కడ ఇరికిస్తరు? ఆ ఊహ లెక్కలనే పడిపోయింది.

లెక్క గూడ రెండు చోట్ల దెబ్బ తింటది. నెలకొక్కసారి వచ్చే టైటాన్ అధ్యాయం దాదాపు 45 పేజీలు, వారానికొకసారి వచ్చే వేరే మాంగాల అధ్యాయం 19 పేజీల లోపు. రెండింటినీ ఒక్క తీరు లెక్కపెడితే సగానికి సగం తప్పుతది. ఇంకోటి, నిమిషాలు మారకుండనే మాటలు మారొచ్చు. చివరి స్పెషల్‌ల ఎరెన్, అతని దోస్తు ఆర్మిన్ మాట్లాడుకునే సీన్‌ల మాటలు మార్చి రాసిన్రు. దాన్ని ఏ లెక్కా పట్టలేదు.

ఆర్కేన్‌కు మాంగా లేదు. అక్కడ అధ్యాయాలకు బదులు తెగని కథల పోగులను లెక్కపెట్టాలె. రెండో సీజన్ 2024 నవంబర్‌ల మూడు విడతలుగ 9 ఎపిసోడ్లు, ఒక్కోటి 40 నిమిషాల పైచిలుకు, మొత్తం ఆరు గంటలు. అక్కచెల్లెళ్లు వాయ్-జింక్స్, కేట్లిన్, జేస్-విక్టర్, మెల్-అంబెస్సా, ఎకో, సింజ్డ్ దగ్గరి మృగం: ఆరు పోగులు, పోగుకు గంట. అందుకే కథ నోక్సస్ అనే ఇంకో దేశానికి తరలిపోతదన్న ఊహకు మొదటి నుంచే చోటు లేదు. చివరల మెల్ ఓడెక్కింది, అంతే. వాయ్, జింక్స్‌లను పెంచిన వాండరే ఆ మృగం వార్విక్ అన్న ఊహ మాత్రం నిజమైంది, అది విత్తనాల తొవ్వ గెలుపు. జింక్స్ బతికిందా అన్నది విత్తనాలతోని సగమే తేలుతది: కేట్లిన్ గాలి గొట్టాల నక్షాను చూసుడు, ఆఖరి చిత్రంల ఎగిరే ఓడ.

లీకుల ముచ్చట ఒక్క మాటల అయిపోతది. నిజమైతే అది ఊహ కాదు, అబద్ధమైతే పనికి రాదు.

ఇప్పుడు ఇంకో యానిమే డీమన్ స్లేయర్ ముగింపు సినిమాలు ఇన్ఫినిటీ క్యాసిల్ మీద ఇదే లెక్క పెట్టుండ్రి. 2025 సెప్టెంబర్ 12న తెలుగుల గూడ థియేటర్లకు వచ్చిన మొదటి సినిమా 155 నిమిషాలు. 140వ అధ్యాయం దగ్గర మొదలై అకాజా అనే రాక్షసుని చావుతో ఆగింది, అంటే సుమారు 17 అధ్యాయాలు, ఒక్కోదానికి 9 నిమిషాలు. మాంగా 205 అధ్యాయాలకు అయిపోయింది. మిగిలిన 49 అధ్యాయాలకు అదే నడకైతే 440 నిమిషాలు కావాలె. చెప్పినట్టు ఇంకో రెండు సినిమాలే ఉంటే, అవి మొదటిదంతే పొడుగైనా, చేతిల ఉండేది 310. ‘ఒక్క సీన్ గూడ కొయ్యరు, పాత కథలన్నీ పూర్తిగ చూపిస్తరు’ అన్న ఊహ చెప్పేటోళ్లు ఆ తక్కువపడ్డ 130 నిమిషాలు యాడికెళ్లి తెస్తరో ముందు చెప్పాలె.