ఎన్విరాన్‌మెంటల్ సైన్సా, కెమిస్ట్రీయా?

బీఎస్సీ అయిపోయాక మా తమ్ముడికి పట్టుకున్న టెన్షన్ ఇది, ఎమ్మెస్సీ దేంట్లో చేరాలా అని. నేను చదివింది ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ కాబట్టి నా మాట కాస్త అటే మొగ్గుతుంది, ముందే చెప్పేస్తున్నా.

ఉద్యోగం త్వరగా కావాలంటే కెమిస్ట్రీయే. మా విశాఖకి పరవాడ ఫార్మా సిటీ పక్కనే ఉంది, క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో ముందు అడిగేది ఆ డిగ్రీనే.

మా దాంట్లోనూ కెమిస్ట్రీ తప్పదు, కాకపోతే జీవావరణం, చట్టాలు, స్టాటిస్టిక్స్, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల మీద చేసే విశ్లేషణ) కూడా తలా కాస్త. మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ నీళ్లు గాలి బుడగ లేకుండా సీసాలో పట్టి, ల్యాబుకి తెచ్చి, రసాయనాలు కలిపి, చుక్క చుక్కగా థయోసల్ఫేట్ ద్రావణం వేస్తుంటే స్టార్చ్ వల్ల వచ్చిన నీలం రంగు టక్కున పోతుంది చూడండి, ఎంత ద్రావణం పట్టిందో దాన్నిబట్టి తేలుతుంది నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో. బీఓడీ (నీళ్లలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) కొలవాలంటే 20 డిగ్రీల దగ్గర 5 రోజులు ఆగాలి, ఓపిక లేనివాళ్లు ఇటు రావద్దు!

2020 మే 7న విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) లీకైంది కదా. అది పాలిమర్‌గా ఎలా మారుతుందో కెమిస్ట్రీ చెబుతుంది. దాని ఆవిరి గాలికంటే బరువు కాబట్టి నేలబారున ఎటు పాకుతుంది, ముందు ఎవరి ఇంట్లోకి వెళ్తుంది అన్నది మా ప్రశ్న.

లెక్చరర్ అవ్వాలంటే మాది యూజీసీ నెట్, కెమిస్ట్రీ వాళ్లది సీఎస్‌ఐఆర్ నెట్. గేట్‌లో కూడా 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపరుంది. మా తమ్ముడు మాత్రం ఇంకా తేల్చుకోలేదు.