పదకొండేళ్లు నడిపిన డీజిల్ వ్యాన్: దారిలో ఆగిపోయే జబ్బు ఎక్కడ దొరికిందంటే

ఈ బండిని 2013లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. అప్పటికే ఎనిమిదేళ్లు తిరిగింది. తెల్లారకముందే రామభద్రపురం మార్కెట్లో కూరగాయలు ఎక్కించుకుని గజపతినగరం మీదుగా విజయనగరం చేర్చడం నా పని. పదకొండేళ్లయినా నాకు ఈ బండంటే ప్రాణం. ఇంజన్ ఒక్కసారి కూడా దించలేదు. ఇంజన్‌లోకి డీజిల్‌ని ఒత్తిడితో పంపే ఇంజెక్షన్ పంపు మెకానికల్‌ది కాబట్టి సెన్సార్లు, కంప్యూటర్ గొడవ లేదు. హెడ్‌లైట్ల వెలుగు తక్కువ, లోడుంటే స్టీరింగ్ బరువు. వాటికి అలవాటు పడిపోయాను. నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం మాత్రం ఎనిమిది నెలలు నన్ను నిద్రపోనివ్వలేదు.

మొదట్లో వారానికోసారి. చిన్నగా కుదుపులిచ్చేది, యాక్సిలరేటర్ తొక్కినా లాగేది కాదు, ఆఖరికి ఆఫ్. దిగి, ట్యాంకులోంచి డీజిల్ లాగే చిన్న ఫీడ్ పంపు మీదుండే హ్యాండ్ ప్రైమర్‌ని (చేత్తో కొట్టే పంపు) ఓ ముప్పైసార్లు కొడితే మళ్లీ స్టార్ట్ అయ్యేది. ఐదారు కిలోమీటర్లు పోయాక మళ్లీ అంతే. పైడితల్లమ్మ పండగప్పుడు, తొలేళ్ల రోజున, అంటే సిరిమాను ఊరేగింపుకి ముందు రోజు, టమాటా, వంకాయ లోడుతో విజయనగరం పొలిమేరలో ఆగింది. సిరిమాను చూడ్డానికి వచ్చే జనం, వెనక బస్సుల హారన్లు. ఆ రోజు పడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఫిల్టర్లు రెండుసార్లు మార్చాను. ఒక షాపులో ఇంజెక్షన్ పంపు దించాల్సిందేనన్నారు, 14 వేలు పోశాను. నాలుగో రోజున బండి మళ్లీ ఆగింది. పంపుకి డీజిల్ సరిగ్గా అందుతోందో లేదో చూడకుండానే దాన్ని దించారు. తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

చివరికి సాలూరు తీసుకెళ్లాను. లారీలకు పేరుపడ్డ ఊరు కదా, పాత డీజిల్ ఇంజన్ల మీద చెయ్యి తిరిగినవాళ్లు అక్కడున్నారు. ఆ మేస్త్రీ స్పానర్ పట్టకముందే ఒక మాట అడిగాడు: "ఆగినప్పుడల్లా టేంకులో ఆయిలెంతుంటాది బావూ?" నేనెప్పుడూ ఆలోచించలేదు. గుర్తు చేసుకుంటే, ఫుల్ ట్యాంకు కొట్టించిన రోజుల్లో ఒక్కసారీ ఆగలేదు. ముల్లు సగానికి దిగాకే ఆగేది.

ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకి వచ్చే రబ్బరు పైపు మధ్యలో లోపల ఏం పోతోందో కనిపించే జానెడు ప్లాస్టిక్ పైపు బిగించి, ఇంజన్ ఆడుతుండగా చూడమన్నాడు. లేత పసుపు డీజిల్‌లో ఆవగింజలంత బుడగలు వరసగా పరిగెడుతున్నాయి. రేస్ ఇస్తే రెండు మూడు కలిసి మినపగింజంత అవుతున్నాయి. ఆ గాలి ఇంజెక్షన్ పంపులోకి పోతే, నొక్కినకొద్దీ అణిగిపోతుంది. సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ తెరుచుకునేంత ప్రెషర్ రాదు.

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్‌ని పీల్చుకోవడమే గానీ నెట్టడం ఉండదు. అందుకే ఆ దారిలో చిల్లు పడితే బయటికి చుక్క కూడా కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. నేను ఎనిమిది నెలలు బండి కింద పడుకుని తడి కోసం వెతికాను. తడి లేదు కాబట్టి లీకు లేదనుకున్నాను.

తర్వాత ఐదు లీటర్ల క్యాన్‌లో డీజిల్ పోసి, డీజిల్ పీల్చే సక్షన్ పైపు, మిగిలింది వెనక్కి తెచ్చే రిటర్న్ పైపు రెండూ అందులో పెట్టి, క్యాన్ కదలకుండా కట్టి రామభద్రపురం దాకా పోయొచ్చాం. ఒక్క బుడగ లేదు. పంపు మంచిదే, ఫిల్టర్ మంచిదే, రోగం ట్యాంకు వైపు. ట్యాంకులోకి దిగే సక్షన్ పైపు బయటికి తీస్తే, సరిగ్గా నడుమ తుప్పు పట్టి సూది మొనంత చిల్లు. డీజిల్ దానికి పైన ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. కిందికి దిగిందంటే గాలి పీలుస్తుంది. "సీలిపోయిన స్ట్రాతో బొండాం తాగినట్టు" అన్నాడు మేస్త్రీ. కొత్త పైపు, హోసులు, క్లిప్పులు, రాగి వాషర్లు, కూలీ అన్నీ కలిపి 1,800 రూపాయలు.

ఆఖర్న లోపలి గాలి పోవడానికి ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి ప్రైమర్ కొట్టాడు. మొదట బుసబుసమని నురగ, తర్వాత తుంపర్లు, చివరికి బుడగ లేని సన్నటి ధార. స్క్రూ బిగించి సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంది.

ఇలాంటి పాత బండి ఉన్నవాళ్లు ముందు అది ఎలా ఆగుతోందో గమనించండి. కుదుపులిస్తూ నీరసపడి ఆగితే చాలావరకు డీజిల్ అందకే. తాళం తిప్పినట్టు టక్కున ఆగితే, స్టాప్ సోలనాయిడ్ (కరెంటుతో డీజిల్ ఆపే స్విచ్చు లాంటిది) ఉన్న బండైతే దాని వైరు చూడండి. అరగంట నడిచాక ఆగి, ట్యాంకు మూత తీయగానే సుయ్‌మని గాలి లోపలికి లాగితే మూతలోని గాలి రంధ్రం పూడిపోయినట్టు. సెల్ఫ్ ఎంత కొట్టినా సైలెన్సర్ నుంచి పొగ జాడే లేకపోతే సిలిండర్లలోకి డీజిల్ పోవడం లేదు. వానాకాలంలో ఫిల్టర్ అడుగు స్క్రూ విప్పి గాజు గ్లాసులో కాస్త పట్టి చూడండి, నీళ్లుంటే అడుక్కి చేరతాయి. పంపు దించే మాట వీటన్నిటి తర్వాతే. ఇంత వయసున్న బండి కొత్తగా కొంటుంటే, తెచ్చిన రోజే సక్షన్ లైనులో రబ్బర్లన్నీ మార్పించేయండి.

ఇప్పటికి రెండు వానాకాలాలు గడిచాయి, బండి దారిలో ఆగలేదు. ప్లాస్టిక్ ముక్క వేడికి నిలవదని తీయించి డీజిల్ హోసే వేయించాను. ఆ ముక్క మాత్రం డాష్‌బోర్డులో దాచుకున్నాను. మొన్న గంట్యాడ కుర్రాడొకడు తన వ్యాన్ ఇలాగే ఆగుతోందంటే అదే బిగించి చూశాం. బుడగలు కనిపించాయి. వాడిది ట్యాంకు దగ్గర హోసు క్లిప్ లూజు.