మునిగిన సార్వా చేను: నిలుపుకోవాలా, మళ్లీ ఊడ్చాలా, వదిలేయాలా?

2024 జులైలో ఎర్రకాలువ పొంగి నిడదవోలు, తాడేపల్లిగూడెం వైపు చేలను ముంచేసినప్పుడు కొందరివి అప్పుడే ఊడ్పులైన (నాట్లు పడిన) చేలు, కొందరివి ఇంకా ఆకుమళ్లు, అంటే నారుమళ్లు. నీరు దిగడం మొదలవగానే గట్ల మీద అందరి ప్రశ్నా ఒకటే. ఉన్నదాన్ని నిలుపుకోవాలా, దున్నేసి మళ్లీ ఊడ్చాలా, ఈ సార్వాకి (ఖరీఫ్ వరికి) ఓ దణ్ణం పెట్టి దాళ్వా (రబీ వరి) చూసుకోవాలా? ఆ ఏడాదికి మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదిది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో బాడవ చేలు, అంటే నీరు నిలిచే పల్లపు చేలు ఉన్న ఊళ్లకి ఈ లెక్క ఎప్పుడో ఒకప్పుడు తప్పదు.

లెక్క వేసేటప్పుడు అందరూ ముందు మొక్కని చూస్తారు. చూడాల్సిందే. కానీ మొక్క చెప్పేది సగమే. మిగతా సగం తారీఖు చెబుతుంది, మురుగు కాలువ చెబుతుంది, కౌలు ఒప్పందం చెబుతుంది.

నిలుపుకోవడం

వరి నీళ్లలో పెరిగే పంటే గానీ నీళ్ల కింద బతికే పంట కాదు. ఆకు కొసలు పైకి కనిపిస్తున్నంతసేపూ గాలి వేళ్లదాకా అందుతుంది కాబట్టి కొన్నాళ్లు అలా నిలిచినా చేను తట్టుకుంటుంది. నిలువునా మునిగితే సంగతి వేరు. మామూలు రకాలు ఎలాగైనా నీటిపైకి రావాలని గబగబా సాగుతాయి. ఆ సాగడానికి కాండంలో దాచుకున్న బలమంతా ఖర్చు పెట్టేస్తాయి. తీరా నీరు దిగాక నిలబడే సత్తువ లేక పడిపోతాయి. ముంపు వారం దాటిన కొద్దీ చచ్చే దుబ్బుల సంఖ్య పెరుగుతుంది. నీరు తేటగా ఉంటే వెలుతురు లోపలికి పోతుంది కనుక మరో రెండు మూడు రోజులు ఓర్చుకుంటాయి. మన వాగులు తెచ్చేది బురదనీరు. ఆకుల మీద ఒండ్రు పట్టేస్తే ఆ కాస్త ఓపికా ఉండదు.

ఇక్కడ చాలామంది తొందరపడతారు. నీరు దిగిన రోజు చేను పచ్చగా కనిపిస్తే బతికిందనుకుంటారు, మర్నాడు ఎండ కాసేసరికి వాలిపోతే పోయిందనుకుంటారు. రెండూ తొందరే. నాలుగైదు రోజులు ఆగి, చేలో అక్కడక్కడా దుబ్బులు పీకి చూడాలి. మొదలు గట్టిగా, తెల్లగా ఉండి కొత్త వేరు పొడుచుకొస్తుంటే అది బతికినట్టే. నొక్కితే మెత్తగా చితికి, కుళ్లు వాసన వస్తుంటే పైన ఎంత పచ్చగా ఉన్నా లాభం లేదు. సగానికి మించి దుబ్బులు బతికితే నేనైతే నిలుపుకోవడానికే ఓటేస్తాను.

నిలుపుకోవడమంటే ఊరికే వదిలెయ్యడం కాదు. ముందు బోదెలు (నీరు పోయే చిన్న కాలువలు) తీసి, అవసరమైతే ఇంజను పెట్టి నీరు తోడాలి. దుబ్బు కాస్త తేరుకున్నాక ఎకరానికి 20 నుంచి 25 కిలోల యూరియా, 10 నుంచి 15 కిలోల పొటాష్ పైపాటుగా వేస్తారు. చచ్చిన చోట ఖాళీలు పూరించడానికి కొత్త నారు దొరక్కపోతే, బాగా పిలక తొడిగిన దుబ్బుల్ని విడగొట్టి నాటుకోవచ్చు. ఓపిక కావాలి, ఆడకూలీలు కావాలి, అయినా కొత్తగా ఊడ్చిన దానికంటే ఖర్చు తక్కువే. అన్నిటికన్నా పెద్ద లాభం తారీఖు. స్వర్ణలాంటి 145, 150 రోజుల రకం జులైలో ఊడ్చింది బతికితే దాళ్వా వెనక్కి జరగదు. ఆ కలిసొచ్చిన రోజుల విలువ సంచి యూరియాతో పోల్చేది కాదు.

నష్టం వైపు కూడా చెప్పాలి. ముంపు తిన్న చేను పిలకలు తక్కువ తొడుగుతుంది, ఖాళీల్లో కలుపు లేస్తుంది. తర్వాత పూరించినవి వెనకబడి ఈనుతాయి. కొంత పండి, కొంత పాలమీద ఉన్న చేలో కోత మిషను దింపితే తేమ ఎక్కువని ధర కోస్తారు. మూడోవంతు దుబ్బులే మిగిలిన చేనుని మమకారం కొద్దీ పట్టుకు వేళ్లాడితే ఎరువు దండగ, కౌలూ దండగ.

మళ్లీ ఊడ్చడం

ఇందులో మొదటి చిక్కు నారు. ఆకుమడి కూడా మునిగిపోయి ఉంటే కొత్త నారు చేతికి రావడానికి 25 రోజులు. జులై ఆఖర్లో నీరు దిగి, ఆగస్టు మొదట్లో మడి చల్లితే ఊడ్పులు ఆగస్టు చివరికి. అప్పుడు స్వర్ణ పెట్టడం తెలివైన పని కాదు. దాళ్వాలో వేసే పొట్టి కాలం రకాలే గతి: కాటన్‌దొర సన్నాలు అని పిలిచే 1010, శ్రీధృతి (1121), చంద్ర (1153), తరంగిణి (1156), అన్నీ మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చినవే, 115 నుంచి 125 రోజుల్లో వచ్చేవే. అయినా కోత డిసెంబరుకి పోతుంది. అంటే పొట్ట, ఈనిక (కంకి వేసే) దశలు సరిగ్గా అక్టోబరు, నవంబరు తుపాన్ల నోట్లో పడతాయి. ఒక ముంపు నుంచి తప్పించుకుని ఇంకో ముంపుకి ఎదురెళ్లడం అన్నమాట.

నారు కోసం ఆగకుండా మొలకెత్తిన విత్తనం దమ్ము చేసిన (నీళ్లు పెట్టి బురదగా దున్నిన) మడిలో వెదజల్లడం, లేదా డ్రమ్ సీడరుతో వరుసల్లో వేయడం మరో దారి. ఊడ్చే పైరుకి 20, 25 కిలోల విత్తనం కావాల్సిన ఎకరానికి డ్రమ్ సీడరుతో అందులో సగంతో సరిపెట్టొచ్చు. నారుమడి రోజులు కలిసొస్తాయి, ఊడ్పు కూలీ తప్పుతుంది. అయితే ఇది మెరక చేలకి, చదునైన చేలకి నప్పే పద్ధతి. వెదజల్లిన వారంలోపు మళ్లీ జడివాన పట్టి నీరు నిలిస్తే మొలక ఊపిరాడక కుళ్లిపోతుంది. ఎర్రకాలువ ఒడ్డున మునిగే బాడవ చేలకి దీన్ని సిఫార్సు చేసేవాళ్లు ఒక్కసారి ఆ చేలు చూసి మాట్లాడితే బాగుంటుంది.

మళ్లీ ఊడ్చడం రైతుకి ఖర్చయితే కూలి ఇళ్లకి పని. చేలు మునిగిన పది పదిహేను రోజులు ఆడవాళ్లకి ఊళ్లో పని ఉండదు. పైరు పోయిన రైతు పేరన్నా జాబితాలో ఉంటుంది. పోయిన కూలి రోజుల్ని పంట నష్టం లెక్కల్లో రాసేందుకు గడి కూడా లేదు. మళ్లీ ఊడ్పులు పడితే ఆ ఇళ్లకి కాస్త ఊపిరి. రైతు లాభనష్టాల పట్టీలో కనపడకపోయినా ఊరి మంచిచెడ్డలు చూసేవాళ్లు లెక్కలోకి తీసుకోవాల్సిన సంగతి ఇది.

వదిలేయడం

వినడానికి ఓటమిలా ఉంటుంది గానీ, కొన్ని చేలకి ఇదే లాభసాటి. ఆగస్టు రెండో వారం దాటాక నీరు దిగిన బాడవ చేలో సార్వా కోసం పెట్టే ప్రతి రూపాయీ జూదమే. దాని బదులు కాలువ నీరున్నప్పుడే దాళ్వా ముందుగా మొదలుపెడితే మార్చి ఎండలకి, కాలువలు కట్టేసే రోజులకి ముందే పంట ఒడ్డున పడుతుంది. కృష్ణా డెల్టాలో కోతకి ముందు వరిలోనే మినుము చల్లే అలవాటు ఉంది కదా. సార్వా వదిలేసిన చోట కూడా తేమ చూసుకుని మినుము, పెసర వేసుకోవచ్చు.

2011లో కోనసీమ రైతులు వేలాది ఎకరాల్లో పంట విరామం ప్రకటించినప్పుడు చాలామంది దాన్ని గిట్టుబాటు ధర గొడవగా మాత్రమే చూశారు. మురుగు దిగని చేలలో ఏటా సార్వా వేసి పోగొట్టుకోవడం ఆపేద్దామన్న లెక్క కూడా అందులో ఉంది. వదిలేయడం వాళ్లకి కోపమే కాదు, లెక్క కూడా.

లెక్క ఎవరిది?

ఇప్పటిదాకా చెప్పినదంతా సొంత చేను చేసుకునే రైతు లెక్క. డెల్టాలో చేలో దిగి పనిచేసేవాళ్లలో ఎక్కువమంది కౌలుదార్లు, వాళ్ల లెక్క తిరగబడుతుంది. కౌలు బస్తాల చొప్పున మాట్లాడుకున్నాక చేను మునిగినా, తేలినా చాలాచోట్ల కట్టాల్సిందే. సార్వా కౌలు నెత్తిమీద ఉన్నవాడు వదిలేయలేడు. అందుకే కౌలు రైతు పోతుందని తెలిసీ మళ్లీ ఊడుస్తాడు. దాన్ని మూర్ఖత్వం అనుకుంటే పొరపాటు, అతనికి మూడో దారి మూసేసి ఉంది.

పరిహారం సంగతీ అంతే. పంట 33 శాతానికి మించి దెబ్బతింటేనే పెట్టుబడి రాయితీ. కేంద్రం 2022-26 విపత్తు నిబంధనల ప్రకారం నీటి వసతి ఉన్న పంటకి హెక్టారుకి 17,000 రూపాయలు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వరికి దాన్ని 25,000 చేసింది, అంటే ఎకరానికి పదివేలు. ఇది ఈ-పంట అనే ప్రభుత్వ పంట నమోదులో పేరున్నవారికే అందుతుంది. కౌలు రైతు పేరు ఎక్కాలంటే సాగుదారు హక్కు పత్రం కావాలి, 2019 చట్టం కింద దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు అడుగుతాడేమోనని వెనకాడే యజమానులు ఊరూరా ఉన్నారు. పోయింది ఒకరి పెట్టుబడి, డబ్బు పడేది ఇంకొకరి ఖాతాలో.

ఇందులోనే ఒక చిన్న జాగ్రత్త. నష్టం రాసుకోవడానికి అధికారులు వచ్చేలోపు దున్నేసి మళ్లీ ఊడ్చేస్తే, వచ్చినవాళ్లకి కనపడేది పచ్చటి చేను. దమ్ముకి ట్రాక్టరు దింపే ముందు చేను ఫొటోలు తీసి, రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకుడికి చూపించి రాయించుకోవాలి. మళ్లీ ఊడ్చేవాళ్లకే ఈ బెడద, నిలుపుకునేవాళ్లకి అంతగా లేదు.

నా తీర్పు అడిగితే: సొంత చేను, ఆగస్టు మొదటి వారంలోపు నీరు దిగితే, సగం దుబ్బులు బతికితే నిలుపుకోవాలి. బతక్కపోతే, మెరక చేనైతే పొట్టి రకంతో మళ్లీ వేయొచ్చు. బాడవ అయితే వదిలెయ్యడమే మేలు. కౌలు చేనైతే ఊడ్చే ముందు యజమానితో కూర్చుని ఈ సార్వా కౌలు తగ్గించమని తేల్చుకోవాలి. అది తేలకుండా కొత్త అప్పు తెచ్చి ఊడ్చడం అన్నిటికన్నా చెడ్డ దారి.

చేపల చెరువు అనే నాలుగో దారి

విసిగిపోయిన బాడవ చేల యజమానులు ఈ మధ్య ఎంచుకుంటున్నది ఇదే. భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు వెళ్తే కనుచూపు మేర చెరువులే. లీజు బాగా వస్తుంది, ముంపు బాధ లేదు. యజమాని ఒక్కడి వరకూ చూస్తే అన్నిటికన్నా మేలే. కానీ ఎత్తుగా పోసిన చెరువు గట్టు పక్క చేలో నీరు పోయే దారిని మూసేస్తుంది. ఒకరు చెరువు తవ్వితే పక్కవాడికి వరి కష్టమవుతుంది, అతనూ తవ్వుతాడు. కౌలు రైతుకి చేను పోతుంది, ఊడ్పులు, కోతలు చేసే ఆడవాళ్లకి పని పోతుంది. 2006లో కొల్లేరులో చెరువుల గట్లు కొట్టేయాల్సి వచ్చింది ఊరికే కాదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరంతా ఆ సరస్సులో పడి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి, దారిలో అడ్డుకట్టలుంటే వెనక ఉన్న చేలు మునుగుతాయి. నేను దీనికి ఓటు వేయను.

వచ్చే సార్వాకి చేయగలిగిందొకటి ఉంది. ఒడిశా నాటు వరి నుంచి తీసిన ఎఫ్‌ఆర్ 13ఎ అనే రకంలో ముంపుని తట్టుకునే గుణం ఉంది. దానికి కారణమైన జన్యువుని 2006లో గుర్తించారు, మన స్వర్ణలోకి ఎక్కించి 2009లో స్వర్ణ సబ్1గా విడుదల చేశారు. మునిగినప్పుడు ఇది పైకి సాగదు, బలం దాచుకుని కదలకుండా ఉంటుంది. నీరు దిగాక మళ్లీ చిగురిస్తుంది. రెండు వారాల ముంపు దాకా తట్టుకోగలదు. ముంపు రాని ఏడాది దిగుబడి, అన్నం స్వర్ణలాగే ఉంటాయి. ఏటా మునిగే పల్లపు చేలకి మామూలు స్వర్ణ కంటే ఇదే మేలని నా గట్టి నమ్మకం. అయితే ఆకుమడి లేతగా ఉన్నప్పుడు, పూత మీద ఉన్నప్పుడు మునిగితే దీనికీ రక్ష లేదు. నవంబరులో పడిపోయి మొలకెత్తే కంకులకి లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కొట్టడం ఎటూ తప్పదు. విత్తనం కొనేటప్పుడు గింజ రంగు చూడండి. స్వర్ణ వడ్లు బంగారు రంగులో ఉంటాయి, సబ్1 వడ్లు మామూలు గడ్డి రంగులో ఉంటాయి. సంచి మీద సబ్1 అని రాసి, లోపల బంగారు రంగు గింజ కనిపిస్తే తీసుకోకండి.