రెండు 1070 కార్డులతో నాలుగేళ్లు

2017లో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో గేమ్స్ కోసం ఎన్విడియా జీటీఎక్స్ 1070 గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. కొన్నాళ్లకు సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే (144 హెర్ట్జ్) 1440పీ మానిటర్ వచ్చింది, కార్డు చాలలేదు. సెకండ్ హ్యాండ్‌లో అదే మోడల్ ఇంకోటి దొరికితే ఎస్ఎల్ఐ (రెండు కార్డులు కలిసి ఒకే గేమ్‌ను నడిపే ఎన్విడియా పద్ధతి) బ్రిడ్జ్‌తో రెండూ కలిపి బిగించాను. దాని కింది మోడల్ 1060కి అసలు ఎస్ఎల్ఐ లేదు, 1070 తీసుకోవడం నా అదృష్టం అనుకున్నాను అప్పట్లో.

జీటీఏ 5లో 85 దగ్గర ఆగిపోయే ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేమ్‌లు) 130 దాటింది. సెట్టింగ్స్ కాస్త తగ్గిస్తే 144 కూడా అందింది. వారం రోజులు వచ్చినవాళ్లందరికీ చూపించాను.

తర్వాత కంటికి ఏదో తేడా కొట్టడం మొదలైంది. ఈ పద్ధతిలో ఒక ఫ్రేమ్ ఒక కార్డు గీస్తే, తర్వాతిది రెండోది గీస్తుంది. 144 రావాలంటే ఫ్రేమ్‌కు దాదాపు 7 మిల్లీసెకన్లు. రెండింటి లయ తప్పిందంటే ఒకటి 3కే వచ్చేస్తుంది, ఇంకోటి 11కి వస్తుంది. సగటు 7 కాబట్టి మూలన కౌంటర్ 144 అనే చెబుతుంది. మౌస్ గట్టిగా తిప్పితే మాత్రం బొమ్మ తడబడుతుంది. ఎఫ్‌పీఎస్‌ను 100కి కట్టేస్తే చాలావరకు తగ్గింది. మరి 144 కోసమే కదా రెండో కార్డు కొన్నది!

మెమరీ 8, 8 కలిపి 16 అవుతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కాదు, రెండింటిలోనూ అవే టెక్స్చర్లు (గేమ్‌లో వస్తువుల మీద వేసే బొమ్మలు) ఉంటాయి, వాడుకునేది 8 జీబీయే.

ఇక వేడి. ఒక్కోటి 150 వాట్లు. కింది కార్డు వదిలిన వేడి గాలినే పైది పీల్చుకుంటుంది. మే నెలలో సైడ్ ప్యానెల్ తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టి ఆడాను. "దీని మీద అట్టు వేసుకోవచ్చురా" అనేది అమ్మ.

కొత్త గేమ్స్‌లో అయితే రెండో కార్డు ఊరికే కూర్చునేది. అంచులు నున్నగా చేసే టీఏఏకి ముందు ఫ్రేమ్ కావాలి, అదేమో అవతలి కార్డులో ఉంటుంది. గేమ్స్ గ్రాఫిక్స్ కోసం వాడే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ డైరెక్ట్ఎక్స్ 12లో రెండు కార్డుల సపోర్ట్ గేమ్ తయారుచేసేవాళ్లే రాసుకోవాలి, ఆ పనికి పూనుకున్నవాళ్లు తక్కువ. 2021 జనవరి నుంచి ఎన్విడియా కొత్త ఎస్ఎల్ఐ ప్రొఫైల్స్ (ఒక్కో గేమ్‌లో రెండు కార్డులూ పనిచేయడానికి కావలసిన డ్రైవర్ సెట్టింగ్స్) ఇవ్వడమే ఆపేసింది.

2022లో ఒకటి తీసి తమ్ముడి పీసీకి ఇచ్చేశాను. మిగిలిన ఒక్క కార్డుతో జీటీఏ మళ్లీ 85కి దిగింది, అయినా రెండింటి 130 కన్నా నాకు ఇదే హాయిగా ఉంది. బ్రిడ్జ్ డ్రాయర్‌లో పడి ఉంది. అమ్మకానికి పెట్టాను, ఇంతవరకు అడిగినవాళ్లు లేరు.