బాన్‌లో రాయబారుల జాడలు: ఎక్కాల్సిన కొండ, దిగకపోయినా ఫర్వాలేని హోటల్

హైకమిషనర్ అంటే మనకు కామన్వెల్త్ దేశాల రాయబారి. 1949లో పశ్చిమ జర్మనీకి మాత్రం ఆయన పైఅధికారి. అక్కడి పార్లమెంటు చేసిన చట్టాన్ని సైతం ఆపగలడు. రెండో ప్రపంచయుద్ధంలో గెలిచి దేశాన్ని ఆక్రమించిన అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్‌ల తరఫున ముగ్గురు కూర్చున్నది అప్పటి రాజధాని బాన్‌కు ఎగువన, రైన్ అవతలి ఒడ్డున, 336 మీటర్ల పీటర్స్‌బర్గ్ కొండ మీది హోటల్లో.

బాన్ ప్రధాన స్టేషన్ దగ్గర భూగర్భ ప్లాట్‌ఫారం నుంచి 66వ నంబరు ట్రామ్ నేరుగా కొండ కింది ఊరు కోనిగ్స్‌వింటర్ వెళ్తుంది. పొరపాటు జరిగేది అక్కడ దిగాకే. ఊళ్లో కనిపించే కొండరైలు పక్క కొండ డ్రాహెన్‌ఫెల్స్‌ది, ఈ కొండది కాదు. పీటర్స్‌బర్గ్ రైలు 1958లోనే ఆగిపోయింది. పాత యాత్రికుల బాట బిట్‌వేగ్ మీదుగా నడవాలి. గంట చేతిలో ఉంచుకోండి, మోకాళ్లు మొరాయిస్తే టాక్సీ మాట్లాడుకోండి.

1949 సెప్టెంబరు 21న పశ్చిమ జర్మనీ ప్రభుత్వాధినేత, ఛాన్సలర్ ఆడెనావర్ తన మంత్రులతో ఇక్కడికే వచ్చాడు. తివాచీ మీద హైకమిషనర్లు నిలబడాలి, ఆయన దాని అంచు బయట ఆగాలి. ఫ్రాన్స్ ప్రతినిధి ఫ్రాన్స్వా-పోన్సే పలకరించడానికి ముందుకు రాగానే ఈయన తానూ తివాచీ ఎక్కేశాడు! రెండు నెలలకు, నవంబరు 22న, విదేశాల్లో కాన్సులేట్లు తెరిచే హక్కు పశ్చిమ జర్మనీకి ఇదే కొండ మీది ఒప్పందంతో దక్కింది.

ఇప్పుడూ అది ఖరీదైన హోటలే. అయితే 1990లో ప్రభుత్వ అతిథిగృహంగా తెరిచేముందు చాలా మార్చి కట్టారు. గదికి డబ్బు పోసినంత మాత్రాన 1949 కనబడదు. టెర్రస్ మీద ఒక కాఫీ, కింద రైన్ నది, అంతే చాలు. రాత్రి బస బాన్‌లో పెట్టుకుంటే మ్యూజియంలకూ దగ్గర.

కిందికి దిగి పడవలో అవతలి ఒడ్డున ఉన్న మెహ్లెమ్‌కు దాటితే, నది వెంట డైష్‌మన్స్ ఆవులో 1999 దాకా అమెరికా రాయబార కార్యాలయం ఉన్న పొడవాటి భవనాలు కనిపిస్తాయి. ఇప్పుడవి జర్మన్ ప్రభుత్వ కార్యాలయాలు, బయటినుంచి చూడటమే. ఓపిక లేకపోతే దీన్ని వదిలేయవచ్చు. ర్యోన్‌డార్ఫ్‌లోని ఆడెనావర్ ఇంటిని మాత్రం వదలొద్దు. అదే 66వ ట్రామ్ అక్కడికీ వెళ్తుంది, ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు.

1955 మే 5న ఆక్రమణ ముగిసింది. అమెరికా హైకమిషనర్ కోనంట్ అదే దేశంలో రాయబారి అయ్యాడు. బెర్లిన్ మీద అధికారం మాత్రం విజేతలు వదులుకోలేదు. అందుకే 1971లో ఆ నగరంపై ఒప్పందం కుదిర్చినది అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ అనే నాలుగు దేశాల రాయబారులు. వాళ్లు కూర్చున్న భవనం బెర్లిన్ క్లైస్ట్‌పార్క్‌లో ఉంది. యూ7 మెట్రో దిగి నడిచిపోవచ్చు. అందులో ఇప్పుడు కోర్టు నడుస్తోంది. తోటలోంచి చూడటానికి టికెట్ అక్కర్లేదు.