తార్నాకలో ఒకరోజు నాకౌట్ చెస్: మొదటి రౌండ్‌లో ఓడినా సాయంత్రం దాకా ఆట

పోయిన ఆదివారం తార్నాకలో ఒక స్కూల్లో జరిగిన నాకౌట్ ర్యాపిడ్ చెస్ టోర్నమెంట్‌లో (ఓడితే బయటికే, ఆటలూ తక్కువ సమయంలో అయిపోయేవి) నేనూ, పన్నెండేళ్ళ మా అబ్బాయీ ఇద్దరం ఆడాం. నేను ఉప్పల్‌లో బ్యాంకు ఉద్యోగిని. చిన్నప్పుడు మా నాన్న నేర్పిన ఆట ఇది. పెళ్ళి, ఉద్యోగం వచ్చాక పూర్తిగా వదిలేసి, మావాడిని టోర్నమెంట్లకు తిప్పడం మొదలయ్యాక మళ్ళీ పట్టుకున్నాను. నాన్న ఏనుగు అనేవారు, మావాడు రూక్ అంటాడు. మా ఇంట్లో రెండూ నడుస్తాయి.

నిర్వాహకుల పేరు రాయడం లేదు. మెచ్చుకోవాల్సినవీ, మార్చుకోవాల్సినవీ రెండూ ఉన్నాయి కాబట్టి జరిగింది మాత్రమే చెబుతాను. వయసుతో సంబంధం లేకుండా ఒకటే ఓపెన్ విభాగం, 64 మంది, మనిషికి 600 రూపాయల ఎంట్రీ. ఒక్కో రౌండ్‌లో ఒకే ప్రత్యర్థితో రెండు ఆటలు, ఒకటి తెల్లపావులతో, ఒకటి నల్లపావులతో. ఆటకి ఒక్కొక్కరికి పది నిమిషాలు, ఎత్తుకి ఐదు సెకన్లు అదనం. స్కోరు 1-1 అయితే ఆర్మగెడాన్, అంటే ఎవరు గెలిచారో తేల్చే ఒకే ఒక్క ఆట.

నాకౌట్ అంటే నాకు మొదటి నుంచీ భయమే. రెండేళ్ళ కిందట ఇంకోచోట ఇలాంటిదే ఆడించాం. మావాడు ఉదయం పదిన్నరకి ఓడిపోయాడు. మాతో పాటు కారులో వచ్చిన వాడి స్నేహితుడు గెలుస్తూ పోయాడు. వాడి ఆట అయ్యేదాకా, సాయంత్రం నాలుగింటి వరకు, మావాడు మెట్ల మీద కూర్చున్నాడు. అక్కడ ఓడినవాళ్ళకు ఇంకో ఆట లేదు, ఖాళీ బోర్డు అడిగినా ఇవ్వలేదు. ఆ రోజు వాడి మొహం నాకు ఇంకా గుర్తుంది. మనం మామూలుగా ఆడించే స్విస్ లీగ్‌లో ఓడినా తర్వాతి రౌండ్ ఉంటుంది, వీలైనంతవరకు తన పాయింట్లతో సమానంగా ఉన్నవాళ్ళతోనే పేరింగ్ (ఎవరికి ఎవరు ప్రత్యర్థో వేసే జత) పడుతుంది. నాకౌట్‌లో 64 మంది వస్తే మొదటి రౌండ్ అవగానే 32 మంది ఇంటికి. అందులో ఎక్కువమంది పిల్లలే, ఎందుకంటే సీడ్ అంటే బలాన్ని బట్టి ఇచ్చే వరుస నంబరు, 1వ సీడ్‌కి 64వ సీడ్, 2వ సీడ్‌కి 63వ సీడ్ ఎదురుపడతారు, చివరి నంబర్లు ఎక్కువగా పిల్లలవే.

ఈసారి పోస్టర్ మీద ఒక వాక్యం చూసి ఎంట్రీ కట్టాను. మొదటి రౌండ్‌లో ఓడినవాళ్ళకి పక్క హాల్లో ఐదు రౌండ్ల స్విస్ లీగ్, దానికి వేరే ట్రోఫీలు, అదనంగా ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఈ ఏర్పాటే. 2002 అక్టోబరులో మన హైదరాబాద్‌లోనే ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) వరల్డ్ కప్ జరిగింది. అప్పుడు కూడా 24 మందిని నేరుగా నాకౌట్‌లోకి తోసెయ్యలేదు. ఆరుగురు చొప్పున నాలుగు గ్రూపులు చేసి, ఐదేసి ఆటలు ఆడించి, ఎనిమిది మంది మిగిలాకే నాకౌట్ పెట్టారు. ఫైనల్లో మన విశ్వనాథన్ ఆనంద్ ఉజ్బెకిస్థాన్ ఆటగాడు కసిమ్‌జానోవ్‌ని ఓడించాడు. అంత పెద్ద ఆటగాళ్ళకే కనీసం ఐదు ఆటలు ఇచ్చినప్పుడు, ఆదివారం నిద్ర మానుకొని వచ్చిన ఆరో తరగతి పిల్లవాడికి ఇవ్వకపోతే ఎలా?

మావాడు అనుకున్నట్టే మొదటి రౌండ్‌లో 0-2తో ఓడాడు. వాడికి ఇంకా ఫిడే రేటింగ్ (ఆట బలాన్ని చూపే అంకె) రాలేదు. 2024 మార్చి నుంచి కనీస రేటింగ్ 1400 అయింది, అంతకంటే తక్కువైతే రేటింగే ఉండదు కాబట్టి, రేటింగ్ లేని పిల్లలు ఇలాంటి చోట్ల చాలామంది ఉంటారు. వాళ్ళకి సీడింగ్ ఎలా ఇచ్చారని అడిగితే ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్లు పేర్చామన్నారు. మావాడి పేరు చివర్లో వస్తుంది, అందుకే 61వ సీడ్, అందుకే ఎదురుగా 4వ సీడ్. పేరులో మొదటి అక్షరాన్ని బట్టి ప్రత్యర్థి రావడం న్యాయం కాదు. రేటింగ్ లేనివాళ్ళ చీటీలు అందరి ముందూ తీయించడానికి ఐదు నిమిషాలు చాలు.

కానీ పదకొండూ ముప్పావుకల్లా వాడు పక్క హాల్లో ఇంకో బోర్డు ముందు కూర్చున్నాడు. తొమ్మిదేళ్ళ పాప మీద గెలిచాడు, తర్వాత ఒకటి ఓడాడు, మధ్యాహ్నం ఇంకో రెండు గెలిచాడు, చివరిది డ్రా. ఐదుకి మూడున్నర. ట్రోఫీ రాలేదు, ఏడో స్థానానికి మెడల్ వచ్చింది.

ఆ హాల్లో ఉన్న ఆర్బిటర్ (ఆట నిబంధనలు చూసే రెఫరీ) గురించి చెప్పాలి. మావాడి ఒక ఆటలో ఎదుటి బాబు బంటుని చివరి గడిలోకి తోసి, దాని స్థానంలో వేరే పావు పెట్టకుండానే, తన ఎత్తు అయిపోయినట్టు క్లాక్ నొక్కేశాడు. అది ఇల్లీగల్ మూవ్, అంటే నిబంధనలకి విరుద్ధమైన ఎత్తు. ఆర్బిటర్ క్లాక్ ఆపి, బంటు స్థానంలో మంత్రిని పెట్టి, మావాడికి రెండు నిమిషాలు కలిపారు. అంతటితో వెళ్ళిపోలేదు. ఆ బాబు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ముందు బంటుని తీసి మంత్రిని పెట్టాలి, ఆ తర్వాతే క్లాక్ నొక్కాలి అని చేతులతో చేసి చూపించారు. బాబుకి ఏడుపు రాబోయి ఆగింది. ప్రతి బోర్డు పక్కన రంగుకొకటి చొప్పున అదనపు మంత్రులు పెట్టారు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ కాదు. అదనపు మంత్రి దొరక్క పిల్లలు ఏనుగుని తలకిందులుగా పెట్టి అదే మంత్రి అనుకుంటారు. నిబంధన ప్రకారం తలకిందులుగా ఉన్నా ఏనుగు ఏనుగే. అలా గెలిచే ఆట చేజారిన పిల్లల్ని నేను చూశాను.

ఇక నా ఆట. మొదటి రౌండ్‌లో పదేళ్ళ బాబు వచ్చాడు. మొదటి ఆట నేను గెలిచాను. రెండో ఆటలో బంట్లు తప్ప ఏమీ మిగలనప్పుడు తలెత్తి, "ఆంటీ, డ్రా?" అన్నాడు. చెయ్యి కలిపాను. ఒకటిన్నర, అర.

రెండో రౌండ్‌లో రైల్వేలో రిటైరయిన ఒక పెద్దాయన. నాకంటే దాదాపు నూట యాభై పాయింట్లు ఎక్కువ రేటింగ్. "రండమ్మా, కూర్చోండి" అని కుర్చీ జరిపారు. మొదటి ఆట ఆయన గెలిచారు. నా గుర్రాన్ని బోర్డు అంచుకి తరిమి, అక్కడే బంధించి, తొందరపడకుండా పట్టుకున్నారు. ఐదు నిమిషాల విరామం తర్వాత మళ్ళీ అదే మనిషి, అదే బల్ల, రంగులు మాత్రం మారాయి. స్విస్ లీగ్‌లో ఈ అనుభవం దొరకదు. ఒకసారి ఆడిన మనిషి ఆ టోర్నమెంట్‌లో మళ్ళీ ఎదురుపడరు. ఇక్కడ ఇప్పుడే నన్ను ఓడించిన ఆలోచనతోనే మళ్ళీ తలపడాలి. ఆయన మంత్రుల్ని మార్చుకోవడానికి, అంటే ఒకరి మంత్రిని ఒకరు తీసెయ్యడానికి, ఇష్టపడరని మొదటి ఆటలో గమనించాను. ఈసారి పదిహేను ఎత్తుల్లోపే మంత్రుల్ని మార్పించాను. ఆయన ఇబ్బంది పడడం తెలిసింది, ఒక బంటు దొరికింది, దాన్నే చివరిదాకా తోశాను. 1-1.

ఆర్మగెడాన్ అనగానే చుట్టూ జనం చేరారు. తెల్లకి ఐదు నిమిషాలు, నల్లకి నాలుగు, డ్రా అయితే నల్ల గెలిచినట్టు. ఎవరు ఏ రంగు తీసుకోవాలన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం వచ్చింది. రేటింగ్ ఎక్కువ ఉన్నవాళ్ళు రంగు ఎంచుకుంటారని అప్పటికప్పుడు చెప్పారు. పోస్టర్‌లో లేదు, ఉదయం మైకులోనూ చెప్పలేదు. ఆర్మగెడాన్‌లో రంగు ఎంచుకోవడం చిన్న లాభం కాదు. పెద్దాయన కూడా, "టాస్ వేద్దామండీ, నాకేం అభ్యంతరం లేదు" అన్నారు. ఆర్బిటర్ ఒప్పుకోలేదు. ఆయన నల్ల తీసుకున్నారు.

చివరికి నాకు ఒక ఏనుగు, ఒక బంటు. ఆయనకి ఒక ఏనుగు. ఎత్తుకి సెకన్లు కలపని ఆట అది, నా దగ్గర నలభై సెకన్లు ఉన్నాయేమో. ఆయన రాజుని నా బంటుకి ఎదురుగా నిలబెట్టి, ఏనుగుని తన వైపు నుంచి మూడో వరుసలో అడ్డంగా పెట్టి కదలకుండా కూర్చున్నారు. నేను బంటుని ముందుకి తోసిన మరుక్షణం ఆ ఏనుగు బోర్డు అటు చివరికి వెళ్ళి వెనక నుంచి చెక్‌ల మీద చెక్‌లు. దాన్ని ఫిలిడోర్ పొజిషన్ అంటారు. అది డ్రా అని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. డ్రా అంటే నేను ఓడినట్టు. టెన్షన్‌తో నా చెయ్యి వణికింది, ఆయన చెయ్యి వణకలేదు. బాగా ఆడి గెలిచారు, ఆ మాట ఆయనతోనే అన్నాను. జార్జియాలోని బటూమిలో 2025 మహిళల వరల్డ్ కప్ ఫైనల్లో కోనేరు హంపి రెండు క్లాసికల్ (ఎక్కువ సమయం ఇచ్చే) ఆటలూ డ్రా చేసి, తేల్చడానికి పెట్టిన ర్యాపిడ్ టైబ్రేక్‌లో దివ్య దేశ్‌ముఖ్ చేతిలో ఓడినప్పుడు అర్ధరాత్రి దాకా నాకు నిద్ర పట్టలేదు. అంత దూరం వెళ్ళి ఒక్క ఆటలో అంతా పోవడం ఎలా ఉంటుందో ఈ ఆదివారం కొంచెం తెలిసింది.

మిగతావి త్వరగా చెబుతాను. తొమ్మిదిన్నరకి మొదలుకావాల్సింది పదీ ఇరవైకి మొదలైంది. నలుగురు రాలేదు, వాళ్ళ ప్రత్యర్థులకి వాకోవర్ (ఆడకుండానే గెలుపు) ఇచ్చారు. అందులో ఒక బాబు వాళ్ళ నాన్నతో వరంగల్ నుంచి చీకటితోనే బయలుదేరి వచ్చాడు. రెండో రౌండ్‌కి వెళ్ళానన్న సంతోషం కంటే పదకొండు నలభై దాకా ఆట లేకుండా కూర్చున్న దిగులే వాడికి ఎక్కువగా ఉంది. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి వస్తున్నారో లేదో కనుక్కుని పేరింగ్ వేస్తే ఇది ఉండదు. ఆలస్యం అలా పెరిగి, ఆరింటికి అయిపోవాల్సిన ఫైనల్ ఆరున్నర దాటింది. మర్నాడు స్కూలున్న పిల్లలకు కష్టం.

హాల్లో గాలి, వెలుతురు బాగున్నాయి. తల్లిదండ్రుల్ని బోర్డుల దగ్గరికి రానివ్వలేదు, అది మంచి పని. ప్రధాన హాల్లో బల్లలు మాత్రం చిన్న పిల్లల క్లాసువి. ఆరడుగుల కాలేజీ కుర్రాళ్ళు రోజంతా మోకాళ్ళు పక్కకి తిప్పుకుని ఆడారు. తాగునీళ్ళకి లోటు లేదు. భోజనం మనమే చూసుకోవాలి. మేం పెరుగన్నం తీసుకెళ్ళాం. ఆడవాళ్ళ బాత్రూం మధ్యాహ్నానికి వెళ్ళేలా లేదు, వంద మందికి పైగా వచ్చే చోట మధ్యలో ఒకసారి కడిగించాలి.

వచ్చే నెల మళ్ళీ పెడతారట. ఉప్పల్ వైపు వాళ్ళు మెట్రోలో వెళ్ళండి, తార్నాక నాలుగో స్టేషన్. బండి పెట్టడానికి గేటు బయట చోటు లేదు. మీ క్లాక్ మీరు తీసుకెళ్ళండి, అక్కడ కొన్ని బోర్డులకి తక్కువ పడ్డాయి. పావులు ఎలా కదులుతాయో ఇప్పుడిప్పుడే నేర్చుకున్న పిల్లల్ని ఇంకో ఆరునెలలు ఆగి పంపండి, మొదటి రౌండ్‌లో వాళ్ళకి ఎదురయ్యేది గట్టి ఆటగాళ్ళే. రెండు మూడు స్విస్ లీగ్‌లు ఆడిన పిల్లలైతే తప్పకుండా పంపండి. ఆర్మగెడాన్‌లో రంగు టాస్‌తో తేల్చాలనీ, ఆ నిబంధన పోస్టర్ మీదే వేయాలనీ నిర్వాహకులకి కాగితం మీద రాసిచ్చి వచ్చాను. తీసుకుని, చదివి, ఫోన్ నంబరు రాసుకున్నారు.